వానలో ఎడమ చెయ్యి

మికుని రేవులో తోకుజి చేతి టోఫు తినని ఇల్లు ఉండేది కాదు. ఓడ దిగిన సరంగులు ముందు వేడినీళ్ళ స్నానానికి పోయేవారు, అటునుంచి నేరుగా అతని దుకాణం ముందు బల్ల మీద కూలబడేవారు. అల్లం తురుము వేసిన ముక్క ఒకటి కడుపులో పడ్డాక గానీ సారా వైపు చూసేవారు కాదు. అలాంటి మనిషి పేరెత్తితే మా ఊరివాళ్ళు ఇప్పుడు గొంతు తగ్గిస్తారు, అటూ ఇటూ చూస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళు అతని చేతి తిండి తిన్న నోళ్ళు కావూ ఇవి! అందుకే అతని పెళ్ళాం ఒషిమ నోట విన్నది విన్నట్టు చెబుతున్నాను.

తోకుజి మా ఊరివాడు కాదు. ఒక మంచుకాలంలో కాళ్ళు పగిలి, గడ్డం మాసి, కొండల అవతల నుంచి వచ్చాడు. వరి పండించే ఇంట్లో మూడో కొడుకునని, అన్నల దగ్గర చోటు లేక బయటపడ్డానని చెప్పుకున్నాడు. అప్పటికి ఒషిమ మొగుడు పోయి ఏడాది తిరగలేదు. చంకలో పసిపిల్ల ఒనుయి, ఎదురుగా తిరగలి, మొగుడు వదిలిపోయిన టోఫు దుకాణం. నీళ్ళు మోయడానికి మనిషి కావాల్సి వచ్చి తోకుజిని పెట్టుకుంది. అతను నోరు మెదిపేవాడు కాదు, పని మాత్రం ముగ్గురి పెట్టు చేసేవాడు. నానిన సోయా గింజలు విసరడం, పాలు కాచడం, సముద్రపు ఉప్పు నుంచి కారిన చేదు తేట కలిపి విరగ్గొట్టడం, గుడ్డ పరిచిన పెట్టెలో పోసి బరువు పెట్టడం, అన్నీ చూసి నేర్చుకున్నాడు. కొన్నాళ్ళు గమనించి ఒషిమ అతన్ని ఇల్లరికం తెచ్చుకుంది.

పక్కింటి కుహెయి తొట్లు బిగించేవాడు. నోటికి మూత లేని మనిషి. "వదినా, టోఫుని పిండినట్టు మొగుణ్ణి కూడా గుడ్డలో వేసి పిండి చూసుకుని మరీ తెచ్చుకున్నావే!" అన్నాడు.

"పిండాను మరి. నీళ్ళే వచ్చాయి. మాటొక్కటీ రాలేదు పాపం," అంది ఒషిమ.

ఆమె ఎంత పిండినా బయటికి రానిది ఒకటుంది. తోకుజి రైతు బిడ్డ కాదు. కొండల అవతలి సంస్థానంలో బాణాల కొట్టు కాపలా కాసే చిన్న సమురాయ్. అసలు పేరు నెగిషి కుమనోసుకె. ఒక పెళ్ళి విందులో మికామి సైజో అనే పై అధికారి బాగా తాగి, "నెగిషీ, నీ నడుముకున్నది కత్తా, ముల్లంగి తరిగే పీటా?" అన్నాడు. పదిమందీ నవ్వారు. కుమనోసుకె కూడా నవ్వాడు. బయటికొచ్చాక మికామి అదే మాట మళ్ళీ అన్నాడు, ఈసారి నవ్వడానికి ఎవరూ లేరు. కుమనోసుకె కత్తి దూశాడు. మికామి చెయ్యి అప్పటికి తన కత్తి పిడి మీదికి కూడా పోలేదు. చూశారా, ముల్లంగి మాటకి ఒక ప్రాణం! ఆ సాయంత్రమే అతను ఊరు విడిచాడు.

మికామికి ఒక తమ్ముడున్నాడు. రాజధాని ఎదోలో, ప్రభువుగారి మేడలో కొలువు చేసేవాడు. కుమనోసుకె అతని ముఖం ఎప్పుడూ చూడలేదు. అన్నని చంపినవాణ్ణి వెతికి చంపడానికి ఆ తమ్ముడు ప్రభువు దగ్గర అనుమతి తీసుకున్నాడని పారిపోయే దారిలోనే కబురు తెలిసింది. అనుమతి తీసుకున్నవాడికి పగ తీరేదాకా ఇల్లు లేదు, కొలువు లేదు. రోడ్ల మీదే బతకాలి. బిచ్చగాడిలా, బైరాగిలా, దుకాణదారులా ఏ వేషమైనా వేస్తాడు, ఎంత కాలమైనా తిరుగుతాడు. ముఖం తెలియని మనిషి కాబట్టి ప్రతి ముఖమూ అతనిదే కావచ్చు. తోకుజి భయం అది. వీధిలో నడుముకి పెద్దదీ చిన్నదీ రెండు కత్తులు కట్టిన సమురాయ్ కనిపిస్తే చాలు, తొట్టి కడుగుతున్నట్టు ముఖం నీళ్ళలోకి వంచేసేవాడు.

పెద్ద కత్తిని దారిలోనే ఒక లోయలోకి విసిరేశాడు. చిన్న కత్తిని విసరడానికి చెయ్యి రాలేదు. అది గింజల బస్తాల వెనక గడ్డిలో, నూనె కాగితంలో పడుకుంది. మిగతాదంతా ఒంట్లోంచి తీసేసుకున్నాడు. నడుముకి కత్తులు మోసినవాడి ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది. కావడి మోసి మోసి దాన్ని సరిచేసుకున్నాడు. నిటారుగా కూర్చోవడం మానుకున్నాడు. మాట యాస మార్చుకున్నాడు. ఒనుయి మాటలు నేర్చి "నాన్నా" అన్నప్పుడు తడబడకుండా పలకడం నేర్చుకున్నాడు. పిల్ల పెద్దదై, కుహెయి కొడుకుతో సంబంధం కూడా కుదిరింది. వసంతంలో పెళ్ళి. ఆ శరత్కాలంలో తోకుజి మొదటిసారి కూనిరాగం తీస్తూ గింజలు విసరడం ఒషిమ విన్నదట. మనిషికి సంతోషం వస్తే జాగ్రత్త పోతుంది. అదే అతని కొంప ముంచింది.

ఆ రోజు కావడి భుజాన వేసుకుని రేవు వీధిలో అమ్ముకుంటూ వస్తున్నాడు. మా వైపు శరత్కాలపు జల్లు చెప్పిరాదు. ఎండ కాస్తుండగానే దబదబా పడింది. వీధిలో ఉన్నవాళ్ళంతా ఏం చేశారు? ఎవరైనా చేసేదే. చేతులో, గుడ్డలో, గంపో నెత్తిన పెట్టుకుని పరిగెత్తారు. తోకుజి నెత్తిన ఏమీ పెట్టుకోలేదు. అతని ఎడమ చెయ్యి దానంతటది లేచి, చొక్కా చేతి గుడ్డని ఎడమ తుంటి మీద కప్పింది. కత్తి పిడి తడవకూడదు కదా! పిడి చుట్టూ ఉన్న పట్టుతాడు తడిస్తే పట్టు జారుతుంది. కుర్రతనంలో గురువు కర్రతో కొట్టి నేర్పిన పాఠం అది. తుంటి మీద కత్తి లేకపోయినా చెయ్యి మాత్రం దాన్ని కాపాడింది.

ఒక్క క్షణమే. వెంటనే చెయ్యి తీసి నెత్తిన పెట్టుకున్నాడు. కానీ తలెత్తేసరికి ఎదురుగా బియ్యం కొట్టు చూరు కింద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నలభై దాటినవాడు. వెలిసిపోయిన బట్టలు, రెండు కత్తులు. అతని ఎడమ చెయ్యి కూడా తుంటి మీదే ఉంది. ఆ వీధి మొత్తంలో అలా నిలబడ్డది వాళ్ళిద్దరే. కళ్ళు కళ్ళు కలిశాయి. తోకుజికి కావడి తొట్లలో టోఫు కదిలిన చప్పుడు వినిపించింది. ఇంటికెలా వచ్చాడో తెలియదు, వచ్చి పొయ్యికి దగ్గరగా జరిగి ముడుచుకుని కూర్చున్నాడు.

"జ్వరమా ఏం?" అంది ఒషిమ, నుదుటి మీద చెయ్యి వేసి.

"తడిశాను," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆ సమురాయ్ దుకాణానికి వచ్చాడు. రాడేమోనన్న ఆశ తోకుజికి రాత్రి కొంచెం ఉండేది. బల్ల మీద కూర్చుని పెద్ద కత్తి నడుము నుంచి తీశాడు. పరాయి ఇంట కూర్చునేటప్పుడు కత్తిని కుడి పక్కన పెట్టుకోవడం మర్యాద. కుడి పక్కనుంటే వెంటనే దూయలేరు. 'మీకు కీడు తలపెట్టను' అని నోటితో చెప్పక్కర్లేకుండా చెప్పడం అది. ఈ మనిషి కత్తిని ఎడమ పక్కన పెట్టుకున్నాడు. తోకుజి పళ్ళెం అతని ముందు పెట్టి వెనక్కి జరిగాడు.

"ఏ ఊరు అయ్యా మీది?" అని ఒషిమ పలకరించింది.

"ఉత్తరం వైపమ్మా. పేరు ఇనాబా. ఓడ కోసం చూస్తున్నాను. సముద్రం పోటు మీద ఉంది, ఇప్పట్లో కదలవంటున్నారు." ఆమెతో మాట్లాడుతూ తోకుజి చేతుల వైపే చూస్తున్నాడు. "మీ ఆయన ఈ ఊరివాడేనా?"

"కాదండీ, కొండల అవతల."

"ఓహో. టోఫు పని ఎప్పటి నుంచో?"

"నాకు మొగుడైనప్పటి నుంచీ. అంతకు ముందు నాగలి పట్టేవాడట. నాగలి పట్టిన చెయ్యి టోఫుకి ఇంత సుతారంగా ఎలా వచ్చిందో నాకూ తెలీదు," అని ఒషిమ నవ్వింది. మొగుణ్ణి పొగిడాననుకుంది, పిచ్చిది. ఇనాబా నవ్వలేదు. టోఫు ముక్కని చూస్తూ కూర్చున్నాడు. పక్కన ఒక ఓడ కూలీ అదే పెట్టెలోంచి తీసిన ముక్క తిన్నాక అప్పుడు నోట పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి రోజూ వచ్చాడు. గోడకి వీపు ఆనించి కూర్చునేవాడు, కత్తి ఎడమ పక్కనే. తోకుజి లోపలికి వెళితే మెడ సాచి చూసేవాడు, బయటికొస్తే చూపు దించేవాడు. తోకుజి టోఫు కోయడానికి కత్తి ఎత్తితే ఇనాబా భుజాలు బిగుసుకునేవి. తోకుజి ఇవన్నీ చూసి ఒకటే అనుకున్నాడు: వేట కుక్క వాసన పట్టింది, సరిచూసుకుంటోంది. మికామి తమ్ముడే. సందేహం లేదు.

కుహెయికి మాత్రం కొత్త మనిషి దొరికాడని సంబరం. "ఏం అయ్యా, మా తోకుజి టోఫుకి అంటుకుపోయారే! ఓడొచ్చినా ఎక్కేలా లేరు!"

"టోఫు బాగుంటుంది," అన్నాడు ఇనాబా. అతని పెదాలు తెల్లగా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం పళ్ళేలు కడుగుతూ ఒషిమ అంది: "ఏవండీ, ఆ సమురాయ్‌ని చూస్తే నాకెందుకో జాలేస్తుంది. గిన్నె పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది, చూశారా? దేనికో భయపడుతున్నాడు."

"వాడికేం భయం!" అని కసిరాడు తోకుజి. పెళ్ళాం మీద అతను గొంతు లేపడం అదే మొదలు. ఆమె మూతి ముడుచుకుని లోపలికి పోయింది. ఆ ఒక్క మాట చెవిన వేసుకుని ఉంటే! కానీ భయం పట్టినవాడికి ఎదుటివాడి చేతిలో కత్తి కనిపిస్తుంది గానీ ఆ చేతి వణుకు కనిపించదు.

తోకుజికి తిండి సహించడం మానేసింది. చేదు తేట పాళ్ళు తప్పి టోఫు గట్టిపడలేదు, ఒక రోజు సరుకంతా ఏటిపాలయింది. పారిపోదామా అనుకున్నాడు. పారిపోతే ఒనుయి పెళ్ళి ఆగుతుంది, ఒషిమని ఊరు పొడుచుకు తింటుంది. ఉంటే ఏదో ఒక పొద్దున ఆ బల్ల దగ్గరే, కూతురు చూస్తుండగా, వాడు పేరు పెట్టి పిలుస్తాడు. నెగిషి కుమనోసుకె అని పిలుస్తాడు. చావు కంటే ఆ పిలుపుకే ఎక్కువ భయపడ్డాడతను. ఆ పేరు ఒనుయి వినకూడదు. అందుకు మిగిలింది ఒకటే దారి. వాడు పిలవకముందే వాడి నోరు మూయించాలి. ఆ ఆలోచన వచ్చినప్పుడు తన మీద తనకే అసహ్యం వేసిందట. అయినా గడ్డి తొలగించి, నూనె కాగితం విప్పి చూసుకున్నాడు. కత్తికి ఒక్క తుప్పు మచ్చ లేదు.

సముద్రం ఇంకా సద్దుమణగలేదు. ఒక రోజు మధ్యాహ్నం వాలాక ఒషిమ పెళ్ళి బట్ట చూడటానికి బజారుకి వెళ్ళింది. ఒనుయి నీళ్ళు తెస్తూ వచ్చి చెప్పింది: "నాన్నా, మన సమురాయ్ ఏరు దాటే దారిలో రెల్లు దగ్గర కూర్చున్నాడు. చెప్పుల తాళ్ళు ఎంత గట్టిగా బిగిస్తున్నాడో! ముంజేతులకి తొడుగులూ, పిక్కలకి పట్టీలూ కట్టేసుకున్నాడు. ఎక్కడికో యుద్ధానికి వెళ్తున్నట్టున్నాడు."

కూతురు వేళాకోళానికి అన్న మాట తోకుజి గుండెలో దిగింది. పగ తీర్చుకునే రోజున అలాగే కదా తయారవుతారు! కాలు జారకుండా చెప్పులు, చెయ్యి తిరగడానికి తొడుగులు. ఈ రోజే. ఇంకాసేపట్లో లేచి ఇటే వస్తాడు.

"నువ్వు లోపలుండు. తలుపు వేసుకో," అన్నాడు.

"ఇంత పొద్దుండగానా?"

"చెప్పింది చెయ్యమ్మా!"

గింజల గడ్డి కట్ట ఒకటి చంకన పెట్టుకుని బయల్దేరాడు. లోపల చిన్న కత్తి ఉంది. వీధిలో కుహెయి ఏదో అడిగాడు, వినిపించలేదు. కాళ్ళు మట్టుకు పాత నడక నడిచాయి, అడుగు చప్పుడు లేకుండా.

రెల్లు మనిషెత్తు ఉంది. ఇనాబా పడవ దారికేసి నడుస్తున్నాడు, వీపు కనిపిస్తోంది. వెనక నుంచి పొడవడానికి తోకుజికి మనసొప్పలేదు. అంత మాత్రం మిగిలి ఉంది ఆ మనిషిలో. కత్తి లాగి గడ్డి కట్ట కింద పడేశాడు. ఆ చప్పుడుకి ఇనాబా గిర్రున తిరిగాడు. ముఖం బూడిదలా అయిపోయింది. కుడి చెయ్యి పిడి మీదికి పోయింది. తోకుజి చూసింది ఆ చెయ్యి ఒక్కటే. ఎన్నో ఏళ్ళ భయం ఒక్కసారిగా అతని మోచేతిలోంచి బయటికొచ్చింది. కత్తి దిగాక తనే "అయ్యో" అన్నాడు.

ఇనాబా రెల్లు మీదికి ఒరిగిపోయాడు. కుడి చెయ్యి ఇంకా పిడి దగ్గరే ఏదో తడుముకుంటోంది. అప్పుడు చూశాడు తోకుజి. పిడికి గుడ్డ సంచి తొడిగి ఉంది, సంచి మూతికి తాడు ముడి వేసి ఉంది. దూర ప్రయాణం పోయేవాడు దుమ్మూ ధూళీ పడకుండా పిడికి తొడుక్కునే సంచి అది. పోరాటానికి పోయేవాడు చచ్చినా దాన్ని కట్టుకోడు. ఆ ముడి విప్పలేకే ఆ వేళ్ళు అలా కొట్టుకుంటున్నాయి. పక్కన పడ్డ మూటలోంచి ఒక జత కొత్త గడ్డి చెప్పులు, వెదురాకులో కట్టిన పొట్లం జారి ఉన్నాయి. ఆ పొట్లం ముడి ఒషిమ ముడి. ప్రయాణం వాళ్ళకి వేయించిన టోఫు అలాగే కట్టి ఇస్తుంది ఆమె.

"కత్సురాగి... కత్సురాగి దెన్‌పచి తమ్ముడివి నువ్వు," అన్నాడు ఇనాబా. "కదూ?"

ఆ పేరు తోకుజి పుట్టి బుద్ధెరిగి విన్నది కాదు. ఈ మనిషి మికామి తమ్ముడు కాదు. ఇతనూ ఒకణ్ణి చంపి పారిపోయి వచ్చినవాడే. ఇతని వెనకా ముఖం తెలియని తమ్ముడొకడు ఉన్నాడు. ఇన్నాళ్ళూ బల్ల మీద కూర్చుని వణికింది తోకుజిని చూసే.

"ఆ వానలో నీ చెయ్యి చూశాను. అప్పుడే అనుకున్నాను, టోఫు వేషం వేసుకుని కాచుకుని ఉన్నావని." ఊపిరి అందడం లేదు అతనికి. "ఒక్కటి నమ్ము. మీ అన్నని నేను వెనక నుంచి కొట్టలేదు. జనం అలా చెప్పారు. అబద్ధం. చెప్పు, నువ్వు తమ్ముడివేనా? ఎవరి చేతిలో పోతున్నానో తెలియాలి నాకు."

నిజం చెప్పొచ్చు. నేనెవరినీ కాను, నిన్ను చూసి నాకు భయమేసింది, అంతే అని చెప్పొచ్చు. తోకుజి మోకాళ్ళ మీద కూలబడి అతని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ కళ్ళు సమాధానం కోసం వేలాడుతున్నాయి.

"అవును. తమ్ముణ్ణి," అన్నాడు.

"అనుకున్నాను. కనుబొమలు దెన్‌పచివే." ఇనాబా ముఖంలో బిగువు సడలింది. "నా కోసం చాలా ఏళ్ళు తిరిగావా?"

"చాలా ఏళ్ళు."

"నీ బతుకు కూడా పాడుచేశాను, పాపం. సరే. అయిపోయింది కదా. ఇంటికి పో ఇక."

అక్కడితో అతని ప్రాణం పోయింది. తోకుజి అతని కళ్ళు మూశాడు, పిడి సంచి ముడి మీద నుంచి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. పడవవాడు అవతలి ఒడ్డు నుంచి కేక పెడుతున్నాడు, ఎవరైనా ఎక్కేవాళ్ళున్నారా అని. తోకుజి ఏటి నీళ్ళలో చేతులు కడుక్కున్నాడు. పారిపోవాలన్న ఆలోచన రాలేదట, అది ఒషిమతో అతనే చెప్పాడు. పొద్దు గుంకుతుండగా ఇంటి దారి పట్టాడు.

ఒషిమ అప్పటికే వచ్చి పొయ్యి రాజేస్తోంది. ఎర్రబట్ట తాను ఒకటి మడత విప్పి ఒనుయి భుజాల మీద వేసి చూస్తోంది.

"వచ్చారా! ఎక్కడికి పోయారు దుకాణం వదిలేసి? తలుపు వేసుకోమన్నారట పిల్లని, ఏమిటా గోల? సరే, ఒక సంగతి చెప్పాలి మీకు. ఆ సమురాయ్ వెళ్ళిపోయాడండీ. మీరు లోపల గింజలు కడుగుతుంటే వాకిట్లోకి వచ్చాడు, లోపలికి రమ్మంటే రాడు. ఓడ కోసం ఇక ఆగనన్నాడు, ఏరు దాటి నడిచి పోతాడట. వేయించిన ముక్కలు పొట్లం కట్టి ఇచ్చాను. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు, మగాడు!" ఆమె పొయ్యి ఊది తల తిప్పింది. "పోతూ పోతూ ఒక వింత మాట అన్నాడు. 'నేను వెళ్ళిపోతున్నాను, ఇటు మళ్ళీ రాను, దయచేసి నా వెంట రావద్దని మీ ఆయనతో చెప్పమ్మా' అని రెండు చేతులూ నేలకి ఆనించి దండం పెట్టాడు. నాకు! సాయంత్రం మీతో చెప్పి నవ్వుదామనుకున్నాను. అతని వెంట మీరెందుకు వెళ్తారండీ?"

తోకుజి గడప దగ్గరే నిలబడిపోయాడు. ఒనుయి భుజం మీది ఎర్రబట్ట వైపు చూశాడు, ఒషిమ వైపు చూశాడు.

"వెళ్ళాను," అన్నాడు.